గొర్రెల వివరాలు ఎక్కడ దాచాలి?

మార్కాపురం,
3 మార్చి 2025

అత్తకు యశోద నమస్కారాలు.

నేను బాగున్నాను. నువ్వూ మామా బాగున్నారనుకుంటాను. మీ వెదురుకుంటకు ఫోను కలవదు కాబట్టి ఉత్తరమే దిక్కు. ఆ ఊరి పోస్టాఫీసు నీ చేతిలోనే ఉంది కాబట్టి ఇది దారి తప్పుతుందన్న భయం లేదు.

సంగతేమిటంటే, గిద్దలూరు వైపు గొర్రెల పెంపకందారుల సంఘం వాళ్లు మా ఆఫీసుకు ఒక యాప్ పని ఇచ్చారు. ఏ గొర్రె ఎవరిది, ఏ టీకా ఎప్పుడు పడింది, ఎన్ని పిల్లల్ని పెట్టింది, అన్నీ ఫోన్లో కనిపించాలి. పోయిన ఏడు టీకాలప్పుడు కొన్నిటికి రెండుసార్లు సూది పడిందట, కొన్నిటికి అసలు పడలేదట. యాప్ చేయడం పెద్ద పని కాదత్తా. ఆ వివరాలన్నీ ఎక్కడ, ఏ పద్ధతిలో దాచాలన్నదే చిక్కు. అన్నిటినీ ఒకే గాదెలో పోసినట్టు ఒక్కచోట ఉంచొచ్చు. వేటికవి విడదీసి వేర్వేరు చోట్ల ఉంచొచ్చు. ఎవరి ఫోన్లో వాళ్లవే ఉంచొచ్చు. మా రాజరత్నం సార్ రోజుకో వీడియో చూస్తారు, రోజుకో పద్ధతి మంచిదంటారు. చివరికి నిన్న, "నువ్వే తేల్చు యశోదా" అన్నారు. అంటే తప్పయితే నా తప్పని అర్థం.

మొదటి పరీక్ష మీ ఊరి మంద మీదే. అది చెడిందంటే సంఘం ఈ పని హైదరాబాదు కంపెనీకి ఇచ్చేస్తుంది. సార్ ఆఫీసుకు తాళం వేసి వాళ్ల నాన్న పలకల వ్యాపారంలో కూర్చుంటారు. నేనెక్కడ కూర్చోవాలో తెలియదు.

ముందు స్కీమా తేలాలి. స్కీమా ఖాయమైతే ఊళ్లో అందరి పేర్లూ ఎక్కించేయొచ్చు. నాలుగైదు టేబుళ్లు చాలనుకుంటున్నాను. ఒక గొర్రె గురించి ఏమేం తెలిసుండాలో మామను అడిగి రాయి.

నీ మేనకోడలు,
యశోద


వెదురుకుంట,
10 మార్చి

చిరంజీవి యశోదకు కృష్ణమ్మత్త దీవెనలు.

నీ ఉత్తరం గురువారం సంచిలో వచ్చింది. ముద్ర కొట్టి, నాకు నేనే బట్వాడా చేసుకుని, అరుగు మీద కూర్చుని చదువుకున్నాను. మన ఇంటి పిల్ల చేతిమీదుగా ఊరికి స్కీము వస్తోందంటే కళ్లు చెమర్చాయి.

నేను ఎవరికీ చెప్పలేదు. ఒక్క చెంచమ్మకే చెప్పాను. అడవి నుంచి తేనె, చింతపండు తెచ్చి అమ్ముతుందే, ఆ చెంచమ్మ. ఎవరికీ చెప్పొద్దని కూడా చెప్పాను. సాయంత్రానికి పోస్టాఫీసు ముందు వరుస కట్టారు. ఆధార్ జిరాక్సులు, రేషన్ కార్డు జిరాక్సులు, ఫోటోలు అన్నీ మూటగట్టి పార్శిలు చేశాను. అందగానే రాయి. చెంచమ్మ కూడా తన కాగితాలు ఇచ్చింది. "నీకు గొర్రెల్లేవు గదే" అంటే, "స్కీము రానీ, అప్పుడు కొంటా" అంది.

మీ మామయితే గిద్దలూరు నుంచి ఫోటోలాయన్ను పిలిపించి మన పొట్టేలుకు పాస్‌పోర్టు సైజు ఫోటో తీయించాడు. దాని పేరు కలెక్టరు. అది వస్తుంటే మందంతా లేచి నిలబడుతుందని మీ మామే పెట్టాడు. వెనక నీలం తెర కట్టారు. ఫోటో బాగానే వచ్చింది. తెరే మిగల్లేదు, తినేసింది.

గొర్రె గురించి ఏం తెలిసుండాలని మీ మామను అడిగాను. "అది గొర్రె అని తెలిస్తే చాలదా?" అన్నాడు. కోటి మరిది పక్కనుంచి, "మేకయితే మేక అని కూడా తెలియాల" అన్నాడు. వాళ్లు చెప్పింది అంతే.

నాలుగైదు టేబుళ్లు కావాలని రాశావు. మా పెళ్లినాటి టేబులు ఒకటి మార్కాపురం బస్సు మీదికి ఎక్కించాము. ఒక కాలు పొట్టి. కింద పలక ముక్క పెట్టుకో. మీ ఊళ్లో వాటికేం కరువు?

ఇట్లు,
మీ అత్త


మార్కాపురం,
15 మార్చి

అత్తా,

టేబులు చేరింది. జిరాక్సులు చేరాయి. సార్ ఆ మూట చూసి మనం ఏదైనా ఎన్నికల్లో నిలబడ్డామా అని అడిగారు.

స్కీమా వేరు, స్కీము వేరు అత్తా. ఏ వివరం ఏ గడిలో రాయాలి, ఏ గడికి ఏది జత అని ముందే గీసుకునే నమూనాను స్కీమా అంటాం. దాంతో ఎవరికీ ఏమీ రాదు. మేము టేబులు అనేది కూడా కాళ్లున్న టేబులు కాదు, అడ్డగీతలూ నిలువుగీతలూ ఉన్న పట్టిక. దయచేసి ఈ రెండు ముక్కలూ ఊళ్లో చెప్పు. మెల్లగా చెప్పు. పోస్టాఫీసు తలుపు దగ్గరగా నిలబడి చెప్పు.

ఇక నా నిర్ణయం: అన్నీ ఒక్కచోటే. పెద్ద కంప్యూటర్లో ఒకే పట్టిక, ఒక్కో గొర్రెకు ఒక్కో వరుస. ఎవరు రాసినా అక్కడికే చేరుతుంది, ఎవరు చూసినా అక్కడి నుంచే కనిపిస్తుంది. ఒకే మాట, ఒకే చోటు. రెండో సూది పడే సమస్యే ఉండదు. ఎక్కువగా అడిగే వివరాలు మాత్రం క్యాష్‌లో, అంటే చేతికందేలా, ఉంచుతాం, వెంటనే దొరుకుతాయి. సార్ "చాలా పాతకాలపు పద్ధతి" అని పెదవి విరిచారు. మరి ఆయన చెప్పిన కొత్త పద్ధతిలో గొర్రె ఒకచోట, దాని టీకా ఇంకోచోట, దాని పిల్ల మూడోచోట ఉంటాయి. మూడూ ఒకదాన్నొకటి వెతుక్కుంటూ తిరగాలి.

నిన్న సంఘం పని మీద గిద్దలూరు వెళ్లి, అక్కడికి వచ్చిన కోటి మామ ఫోన్లోనూ తను తెచ్చిన మామ ఫోన్లోనూ యాప్ వేసి పంపాను. మొదలుపెట్టమను.

యశోద


వెదురుకుంట,
29 మార్చి

యశోదమ్మకు,

నువ్వు చెప్పినట్టే తలుపు దగ్గర నిలబడి చెప్పాను. మంచి పని చేశాను. స్కీము లేదనేసరికి జిరాక్సులు వెనక్కి ఇవ్వమని గోల. పంపించు. చెంచమ్మ నాతో మాట్లాడటం లేదు. ఒక గొర్రెపిల్లకు అడ్వాన్సు ఇచ్చేసిందట.

మీ మామ క్యాష్ మాత్రం వద్దని రాయమన్నాడు. "క్యాష్‌లో ఉంటే ఖర్చయిపోతాది. గొర్రెల్ని గొర్రెల్లాగనే ఉంచమను" అన్నాడు. నాకూ అదే నయమనిపించింది.

ఇక నీ ఒక్కచోటు సంగతి విను. ఆ ఒక్కచోటు ఎక్కడుందోగాని మా ఊరి నుంచి అందదు. సిగ్నలు జెండాగుట్ట మీద తప్ప రాదు. యాపేమో గొర్రె ఫోటో అడుగుతుంది. అందుకని మీ మామా కోటీ గొర్రెల్ని ఒక్కొక్కటిగా గుట్టెక్కించడం మొదలుపెట్టారు. ఒక గొర్రెను ఎక్కిస్తే రెండోది దిగిపోతుంది. దిగినది మళ్లీ ఎక్కిందో, ఎక్కనిది కొత్తగా ఎక్కిందో తెలియదు. మధ్యాహ్నానికి మందంతా దానంతటదే పైకి పోయింది. సాయంత్రానికి దిగనంది. పైన చల్లగాలి బాగుందేమో. చివరికి కిందికి దిగాక మగ్దలీనమ్మ టీచరు తోటకూర మడి మీద పడింది. టీచరమ్మ మా అరుగు మీదికొచ్చి, "కృష్ణమ్మా, మీ యాపు నా మడి తినేసింది" అని కేకలు.

మీ మామ మోకాళ్లకు నూనె రాస్తూ ఈ ఉత్తరం రాస్తున్నాను. వివరాలు ఫోన్లోనే ఉండే దారి ఏదైనా చూడు అమ్మీ. గుట్ట మీదికి ఫోన్లు పోతే చాలు, గొర్రెలు పోనవసరం లేని దారి.

మీ అత్త
(నూనె మరక పడింది, ఏమనుకోకు.)


మార్కాపురం,
7 ఏప్రిల్

అత్తా,

టీచరమ్మకు నా తరఫున క్షమాపణ చెప్పు. తోటకూర విత్తనాలు ఈ కవర్లోనే పెట్టాను.

నువ్వు రాసింది నిజం. సిగ్నలు లేని ఊరికి ఒక్కచోటు పద్ధతి పనికిరాదు. మీ ఊరు చూసి కూడా నాకు తట్టలేదు. మొత్తం మార్చాను. ఇప్పుడు ఎవరి ఫోన్లో వాళ్ల పట్టిక ఉంటుంది. ఊళ్లో ఉండి ఎంతైనా రాసుకోవచ్చు. ఫోను ఎప్పుడైనా గుట్టెక్కితే అప్పుడు అన్ని ఫోన్లలోని పట్టికలూ కలుస్తాయి, తేడాలు సరిచేసుకుంటాయి.

ఒకే గొర్రె గురించి ఇద్దరు రెండు రకాలుగా రాస్తే? దానికి తేలికైన సూత్రం ఉంది. ఎవరు ఆఖరున రాస్తే వాళ్ల మాటే నిలుస్తుంది. మొదటిది చెరిగిపోతుంది. ప్రపంచంలో చాలా యాపులు ఇలాగే నడుస్తాయి, ఎవరూ కొట్టుకోవడం లేదు. సార్ కూడా ఈసారి తలాడించారు. వీడియో ఇంకా చూడలేదేమో.

మామ మోకాళ్లు ఎలా ఉన్నాయి? మీ టేబులు మీద అన్నం తింటున్నాను. పప్పు ఎప్పుడూ ఎడమవైపుకే పారుతోంది.

యశోద


వెదురుకుంట,
24 ఏప్రిల్

యశోదకు,

కొట్టుకుంటున్నారు.

మొదటి నాలుగు రోజులు అంతా సవ్యంగానే ఉంది. తరువాత ఒకనాడు మీ మామ ఫోను చూసి ఎగిరిపడ్డాడు. కలెక్టరు యజమాని దగ్గర "కోటి" అని ఉంది. వెంటనే అది కొట్టేసి తన పేరు "యల్లయ్య" అని రాసి గుట్టెక్కి దిగాడు. పొద్దున కోటి చూసుకున్నాడు. వాడు మళ్లీ "కోటి" అని రాసి గుట్టెక్కాడు. ఇంకేముంది? ఇప్పుడు ఇద్దరూ పొద్దు పొడిచేసరికి గుట్టమీదే ఉంటున్నారు. ఒకడు రాస్తాడు, ఇంకొకడు వాడు దిగేదాకా ఆగి మళ్లీ రాస్తాడు. ఇద్దరిలో ఎవడూ ముందు దిగడు. ఆఖరున రాసినవాడిదే గెలుపని నీ ఉత్తరంలో ఉన్నది నేనే చదివి వినిపించాను, నా నోరు పడిపోనూ.

మంద చూసేవాళ్లు లేరు. నేనూ కోటి పెళ్లాం మంగా మేపుకొస్తున్నాము. మధ్యాహ్నం ఇద్దరికీ అన్నం పైకే పంపాలి. వేరువేరు రాళ్ల మీద కూర్చుని, ఒకరికొకరు వీపు తిప్పుకుని తింటారట. చెంచమ్మ చూసొచ్చి చెప్పింది. (మాట్లాడుతోందిలే. ఇంత మంచి సంగతి దొరికితే ఎంతకాలం కోపంగా ఉంటుంది?)

ఇంతదాకా నవ్వులాటే. నిన్న కోటి, "మంద పంచేయండి వదినా. నావి నాకు ఇచ్చేయండి" అన్నాడు. మీ మామ "పంచేయి" అని లోపలికి పోయాడు. ఏటా ఎండలకు ఇద్దరూ కలిసి మందను మేత ఉన్నచోటికి తోలుకుపోతారు. ముందు ఒకడు, వెనక ఒకడు. ఒక్కడి వల్ల కాదు. ఇక్కడ గడ్డి మాడిపోయింది. విడిపోతే రెండు మందలూ ఈ ఎండకు ఇక్కడే నిలబడి ఎండిపోవాలి. నాకు కాళ్లూ చేతులూ ఆడటం లేదు అమ్మీ. ఆ సూత్రం మార్చు.

కృష్ణమ్మత్త


మార్కాపురం,
3 మే

అత్తా,

నీ ఉత్తరం చదివి అన్నం సయించలేదు. పొట్టేలు గురించి మామలు విడిపోవడమేంటి? అదీ నేను తేలికని ఎంచుకున్న సూత్రం వల్ల.

ఐదు రోజులు రాత్రీ పగలూ కూర్చుని పద్ధతి మొత్తం తిరగరాశాను. ఇకపైన యాప్‌లో ఏదీ చెరగదు. ఇప్పుడున్నది మాత్రమే దాచడం కాకుండా, జరిగినదంతా జరిగిన వరుసలో ఒకదాని కింద ఒకటి పేరుస్తాం. ఒక మాట మీద ఇంకో మాట రాయడం కుదరదు, కిందికి చేర్చడమే. ఇద్దరు రెండు రకాలుగా అంటే రెండూ కనిపిస్తాయి. ఎవరిది నిజమో యాప్ చెప్పదు. ఆ పని మనుషులకే వదిలేశాను. రాయడం కష్టమని మైకు కూడా పెట్టాను. నొక్కి మాట్లాడితే అదే రాసుకుంటుంది.

మామకూ కోటి మామకూ ఇద్దరికీ ఒక ముఖ్యమైన మాట చెప్పు. వచ్చే ఆదివారం మైగ్రేషన్ పెట్టుకున్నాం. ఉన్నవన్నీ పాతచోటు వదిలి కొత్తచోటికి వచ్చేయాలి. ఒక్కటి కూడా వెనక మిగలకూడదు, మిగిలితే మళ్లీ తలనొప్పి. కొత్తచోటు ఇక్కడ మా ఆఫీసులో సిద్ధంగా ఉంచాను. ఇద్దరూ సహకరిస్తేనే పని అవుతుంది.

యశోద


వెదురుకుంట,
6 మే
(కార్డు)

యశోదకు,

నీ ఉత్తరం ఇవాళే అందింది. ఇద్దరికీ చదివి వినిపించాను. పాతికేళ్లుగా వలస పోతున్నవాళ్లకు మైగ్రేషన్ అంటే ఏందో నేను చెప్పాలా? మేత చూసిపెట్టినందుకు నా మనసు నిండింది. ఇద్దరూ మాట్లాడుకోకుండానే మూటలు కట్టారు. మీ మామ ముందు, కోటి వెనక. ఒక్క గొర్రెను కూడా వెనక మిగల్చలేదు, కుంటిదాన్ని కోటి భుజాన వేసుకున్నాడు. ఆదివారానికి మీ ఆఫీసు దగ్గర ఉంటారు. అక్కడ నీళ్లున్నాయా? ఈ కార్డు వాళ్లకంటే ముందే చేరుతుంది.

అత్త


మార్కాపురం,
13 మే

అత్తా,

నీ కార్డు గొర్రెల తరువాత చేరింది.

ఆదివారం నేనూ రాజరత్నం సారూ ఆఫీసులో మైగ్రేషన్ నడుపుతున్నాం. కంప్యూటర్లో అత్తా, కంప్యూటర్లో. ఇంతలో కింద పలకల దుకాణం దేవదానం మెట్లెక్కి రొప్పుతూ వచ్చాడు.

"సారూ! కలెక్టరు ముందొచ్చినాడంట. మంది వెనకాల వస్తా ఉన్నారంట. మీ ఆఫీసేనంట!"

ముందు నడిచొచ్చిన మామ కింద చెప్పింది "మంద వెనకాల వస్తా ఉంది" అని. దేవదానానికి మందికీ మందకూ తేడా ఆ కంగారులో తెలియలేదు. సార్ ముఖం తెల్లబోయింది. జిల్లా కలెక్టరు ఒంగోలు నుంచి, ఆదివారం పూట, మన యాప్ చూడటానికే! గబగబా తల దువ్వుకున్నారు. తనకెప్పుడో సన్మానంలో కప్పిన శాలువా బీరువాలోంచి తీశారు. "యశోదా, పొట్టి కాలు టేబులు దాచెయ్" అని మెట్లు దిగారు.

గుమ్మంలో కలెక్టరు నిలబడి ఉంది. వెనక బజారు బజారంతా గొర్రెలే. బస్సు ఆగిపోయింది, ఆటోలు ఆగిపోయాయి. సార్ చేతులు జోడించి తలెత్తారు. కలెక్టరు ఆయన్ను పైనుంచి కిందికి చూసి శాలువా అంచు నోట్లో పెట్టుకుంది.

"కొత్తచోటు యాడుంది కోడలా?" అన్నాడు మామ, దుమ్ము కొట్టుకుపోయిన ముఖంతో.

ఇద్దర్నీ పైకి తీసుకెళ్లాను. కొత్తచోటు కంప్యూటర్లో ఉందని చెప్పాను. కోటి మామ తొంగి చూసి, "ఇవన్నీ పడతాయా?" అన్నాడు.

ఆ తరువాత మొదలైంది అసలు గొడవ. చెరిగిపోయినవాటిని కూడా పాత నకళ్లలోంచి తీసి ఎక్కించాను కాబట్టి, కొత్త యాప్‌లో కలెక్టరు పేరు కింద ఇద్దరి మాటలూ బారుగా కనిపించాయి. యల్లయ్య, కోటి, యల్లయ్య, కోటి, అలా చాంతాడంత. మామ మండిపడ్డాడు.

"నా సగం నేను పోనీను కోటిగా! నువ్వు నీ పేరు కొట్టినావంటే నాది పోయినట్టే గదా!"

"నీ సగం ఎవురడిగినారన్నా? నా సగం నిలబెట్టుకుందామనే గుట్టెక్కినా!"

"మరి నా పేరు ఎందుకు కొట్టేసినావురా?"

"నేనేడ కొట్టేసినా? నా పేరు రాస్తే నీది అదే పోయింది!"

"ఆగండి మామా, మీరిద్దరూ సగమే అడుగుతున్నారా?" అన్నాను.

ఇద్దరూ నన్ను వింతగా చూశారు. "మరేంది? కంభం సంతలో ఇద్దరం కలిసి గదా కొనింది" అన్నాడు మామ.

అత్తా, యజమాని గడిలో ఒక్క పేరుకే చోటు పెట్టింది నేను. గొర్రె ఒకటైతే యజమానీ ఒకడే అనుకున్నాను. ఎవరినీ అడగలేదు. ఒక పేరు రాస్తే రెండోది పోతుంది కాబట్టి, తన సగం పోకుండా ఒకరు, తన సగం పోకుండా ఇంకొకరు గుట్టెక్కారు. ఆ ఎండలో, వీపులు తిప్పుకుని, ఎవరూ మొత్తంగా అడగని పొట్టేలు కోసం! రెండు నెలలుగా ఎక్కడ దాచాలి, ఎలా దాచాలి అని తల బద్దలు కొట్టుకున్నానుగాని, ఏం దాచాలన్నది చూసుకోలేదు.

వాళ్ల ముందే కూర్చుని ఆ గడిలో ఇద్దరికి చోటు చేశాను. మామ తన పేరు చెప్పాడు. "వాడిది కూడా రాయి, ముందు వాడిదే రాయి" అన్నాడు. "పెద్దోడివి, నీదే ముందుండాల" అన్నాడు కోటి మామ. దాని మీద మళ్లీ కాసేపు కొట్లాడారు.

ఈలోగా ఊరంతా చెప్పుకోగా, పని మీద మార్కాపురం వచ్చి ఉన్న సంఘం సెక్రటరీ సరస్వతమ్మ గారు చూడటానికి వచ్చారు. వివరాలు సరిగా ఉన్నాయో లేదో చూడాలంటే ఊరూరా తిరగాలని ఆవిడ భయపడుతున్నారట. ఇక్కడ గొర్రెలే నడిచి వచ్చాయి. ఫోను పట్టుకుని బజారంతా కలియతిరిగి ఒక్కోదాని చెవి పోగు మీది నంబరు చూశారు. అన్నీ సరిపోయాయి. "సిగ్నలు లేని ఊళ్లకు ఇదే పద్ధతి ఖాయం చేసుకోండి" అన్నారు. సార్ శాలువా మిగిలిన ముక్కను ఆవిడకే కప్పారు.

మందను ఏం చేశామంటావా? త్రిపురాంతకం దగ్గర సార్ బంధువులకు కోసేసిన పొలాలున్నాయి. ఎరువుకు మంద కావాలని వాళ్లు వెతుక్కుంటున్నారట. నీళ్లూ ఉన్నాయి. వానలు పడేదాకా అక్కడే. ఇద్దరూ నిన్న తోలుకుని బయల్దేరారు. మామ ముందు, కోటి మామ వెనక. మాటలు మాత్రం ముందు నుంచి వెనక్కి, వెనక నుంచి ముందుకు కేకల్లో నడుస్తూనే ఉన్నాయి.

యశోద


వెదురుకుంట,
20 మే

యశోదకు,

చదివి నవ్వాలో నిన్ను తిట్టాలో తెలియక రెండూ చేశాను. మంగకూ చదివి వినిపించాను. "సగమే అడిగినాడా? నాతో ఆ మాట చెప్పి ఏడవొచ్చు గదా" అని వాళ్లాయన్ను ఇక్కడి నుంచే శాపనార్థాలు పెట్టింది. చెప్పరమ్మా. మన ఇళ్లల్లో మగవాళ్లు పొట్టేలు గురించయినా చెబుతారేమోగాని మనసులో మాట చెప్పరు. మీ మామతో పాతికేళ్లు కాపురం చేశాను. నా వంట ఎలా ఉందని అడిగితే, "తింటా ఉండా గదా" అన్నదే పెద్ద మెప్పు.

ఊరు బోసిగా ఉంది. మంద అరుపు లేక తెల్లారినట్టే అనిపించదు. వాళ్లు రోజూ ఆ యాప్‌లో రాస్తున్నారట కదా. ఎక్కడున్నారో, ఏం తింటున్నారో చూద్దామని ఉంది. ఈ వారంలో మోకాళ్లు సహకరిస్తే చెంచమ్మ చెయ్యి పట్టుకుని జెండాగుట్ట ఎక్కుతాను.

టీచరమ్మ విత్తనాలు మొలిచాయి.

అత్త


మార్కాపురం,
26 మే

అత్తా,

నువ్వు గుట్టెక్కుతావని మామకు ఫోన్లో చెప్పాను. చెప్పడమే తప్పయింది.

"ఎక్కనీయొద్దు కోడలా!" అని అరిచాడు. విషయమేమిటంటే, మొన్న మైకు నొక్కి కలెక్టరుకు నులిపురుగుల మందు తాగించినట్టు చెప్పాడట. ఆపడం మరిచి కోటి మామతో ఏవో మాటలు మాట్లాడాడట. ఆ మాటలన్నీ కలెక్టరు వివరాల కింద ఎక్కిపోయాయి.

"అవి తీసెయ్యమ్మా. నీ కాళ్లు మొక్కుతా."

"ఈ పద్ధతిలో ఏదీ చెరపడం కుదరదు మామా. చెరిగినందుకే కదా మీరు కొట్టుకుంది."

"ఎట్లయినా తీసెయ్. అత్త చూస్తే నేను ఇంటికి ఏ ముఖం పెట్టుకుని పోయేది?"

"చెరపలేను. కావాలంటే దాని కింద ఇంకో మాట చేరుస్తాను. ‘పైన చెప్పింది నిజం కాదు’ అని చేర్చమంటారా?"

వెనక గొర్రెల అరుపులు వినిపిస్తున్నాయి.

"వద్దులే" అన్నాడు చివరికి. ఫోను పెట్టేశాడు.

నేను చదవలేదని రాస్తే అబద్ధమవుతుంది. నువ్వు మాత్రం మెల్లగా ఎక్కు అత్తా. చెప్పులు వేసుకుని ఎక్కు.

యశోద


వెదురుకుంట,
2 జూన్

యశోదమ్మా,

ఎక్కాను. చెంచమ్మా మంగా చెరో చెయ్యి పట్టుకున్నారు. పైన గాలి నిజంగానే బాగుంది, గొర్రెలు దిగనన్నాయంటే అన్నాయి మరి. కళ్లద్దాలు తేవడం మరిచాను. మంగ ఫోన్లోనూ కోటి ముందే యాప్ వేసి పెట్టాడు, తనే బిగ్గరగా చదివింది.

"కలెక్టరుకు మందు తాగించినాము. సగం నా మీదనే ఊసినాడు" అని మొదలు. తరువాత కోటి వంట గురించి కొంత. "నువ్వు చేసిన పప్పుకు కుక్క కూడా దండం పెట్టి పాయె గదరా." అది చదువుతూ మంగ నవ్వలేక కూర్చుండిపోయింది. ఆ కిందిది చెంచమ్మ చదివింది, కూడబలుక్కుంటూ.

"కృష్ణమ్మ ఉల్లికారం నూరిందంటే కోటీ, పొలం నుంచి ఇంటిదాకా ఆ వాసన వెంబడే నడిచిపోయేవాణ్ణి. ఇన్నేండ్లలో బాగుందని ఒక్కనాడు అనలేదు. ఏమో, అంటే ఇంకోనాడు చెయ్యదేమోనని భయం. ఇప్పుడు అనాలంటే సిగ్గు."

ఇద్దరూ నా ముఖం చూశారు. గాలికి కళ్లల్లో దుమ్ము పడిందని చెప్పాను. చెంచమ్మ, "గుట్ట మీద దుమ్మెక్కడిది?" అంది. దానికి నోరు ఊరుకోదు.

నీ పద్ధతి మంచిదమ్మా. సార్ ఇంకో వీడియో చూసి మార్చమన్నా మార్చకు.

నేనూ మైకు నొక్కాను. వాళ్లిద్దరూ ఏదైనా చెప్పమని ఒకటే పోరు. నాకేం మాటలు దొరుకుతాయి? "ఇంట్లో ఉల్లిగడ్డలు ఉండాయి" అని మాత్రం చెప్పి దిగొచ్చేశాను.

మీ అత్త